మిషన్‌లో ఉండనన్న మా సైన్సు సారు

మా సైన్సు సారు పోయారన్న మాట కామారెడ్డి బస్టాండులో విన్నాను. ఆయన్ని చూడడానికే ఎల్లారెడ్డి బస్సు ఎక్కబోతున్నాను. సంచిలో బత్తాయిలున్నాయి. బస్సు దిగుతున్న మా ఊరి పెద్దాయన నన్ను గుర్తుపట్టి, "సారును చూడనీకి పోతున్నవా బిడ్డా? తెల్లారంగనే పానం ఇడిసిండు" అన్నాడు. ఏం చెయ్యాలో తోచక అదే బస్సెక్కి కూర్చున్నాను. దారి పొడుగునా బత్తాయిల వాసన. ఆ వాసన ఇప్పటికీ నాకు పడడం లేదు.

ఎల్లారెడ్డి బడిలో పాఠం ఎంత రసపట్టులో ఉన్నా సరే, బెల్లు మోగిందంటే మాట సగంలో ఆపి, సుద్దముక్క అంగీ జేబులో వేసుకుని వెళ్ళిపోయే మనిషి ఆయన. ఇంకాసేపు చెప్పమని బతిమాలితే, "బెల్లు గొట్టినంక చెప్పేది సదువు గాదు, జులుం" అనేవారు. మాకు ఒళ్ళు మండేది.

శనివారం చివరి పీరియడులో మాత్రం పుస్తకాలు మూయించి కథలు చెప్పేవారు. అన్నీ సొంతంగా అల్లినవి, అన్నీ రాబోయే కాలానివి. అప్పటికి మాలో ఒక్కరం కూడా కంప్యూటరును కళ్ళతో చూడలేదు. అయినా ఆయన చెబుతుంటే అది గోడ పక్కన గుయ్యిమంటున్నట్టే ఉండేది.

అందులో ఒక కథ మమ్మల్ని కొట్లాటకు దింపింది. ఆ కాలంలో చావబోయే మనిషి జ్ఞాపకాలన్నీ తీసి కంప్యూటరులో పోస్తారు. ఒళ్ళు పోయినా మనిషి అందులోంచి మాట్లాడుతూనే ఉంటాడు. జబ్బుపడిన ఒక తండ్రిని కూడా అందులోకి రమ్మంటారు. సరే, ముందు చూసి వస్తానని, అంతకుముందే మిషన్‌లో చేరిన స్నేహితుడి ఇంటికి వెళతాడు. మిషన్ "తిన్నవా బిడ్డా?" అని అడుగుతుంది. దాని ముందు కూర్చున్న కూతురు "తిన్న నాయినా" అంటుంది. ఆమె తల నెరిసిపోయింది. ఎక్కడికీ పోలేదు, ఏమీ చేసుకోలేదు, జవాబులు చెబుతూనే ముసలిదైపోయింది. ఈయన ఇంటికొచ్చి, కూతురితో కలిసి అన్నం తిని, తనకు మిషన్ వద్దని చెప్పి, కొన్నాళ్ళకు మామూలుగా చచ్చిపోతాడు.

"గదేంది సారూ! మిషన్ల ఉంటే ఏం పోతది?" అని నేనే లేచి అరిచాను.

"వానికేం పోదు. బిడ్డకు పోతది" అన్నారు సారు. ఇంతలో బెల్లు మోగింది.

ఆ కథ ఎక్కడ పుట్టిందో తర్వాత తెలిసింది. సారు పక్కింట్లో ఒక ముస్లిం ఆవిడ ఉండేది, ఊళ్ళో అందరం ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్ళం. ఆమె భర్త గల్ఫులో పనికి పోయాడు. రాయడం రాని ఇండ్లలో అప్పుడు ఉత్తరాల బదులు క్యాసెట్లు నింపి పంపుకునేవారు. ఆయన అక్కడే చనిపోయిన కబురు ముందు వచ్చింది, ఆయన నింపి పంపిన క్యాసెట్ తర్వాత వచ్చింది. సాయంత్రం వంట ముగించి ఖాలా దాన్ని టేప్‌రికార్డరులో పెట్టుకునేది. "బచ్చే అచ్ఛే హైఁ నా?" అని ఆయన గొంతు పిల్లల క్షేమం అడిగేది. "హౌ జీ, సబ్ అచ్ఛే హైఁ" అని, అందరూ బాగున్నారని ఈమె చెప్పేది. గోడ ఇవతల సారు చాయ్ గ్లాసు పట్టుకుని, తాగకుండా కూర్చునేవారు.

సారు పోవడానికి కొన్నాళ్ళ ముందు ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు. హైదరాబాద్ తీసుకుపోతానంటే, "ఆడ మిషన్లకు కట్టేస్తరు, నేను రాను" అన్నారు. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. కథలేవీ కాగితం మీద పెట్టలేదు. ఆయన పోతే అంతా పోతుందని నాకు దిగులు పట్టుకుంది. ఖాలా టేప్‌రికార్డరే అడిగి తెచ్చి, కొత్త క్యాసెట్ వేసి, ఆయన మంచం పక్కన పెట్టి రికార్డు మీట నొక్కాను. ఒక్క కథ చెప్పమన్నాను.

సారు దానివైపు చూశారు. "బంద్ చెయ్యి బిడ్డా. ఇగ చాలు" అన్నారు.

ఆపాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, దగ్గు మధ్య మెల్లగా చెప్పారు. "నేను పోయినంక గూడ నా గొంతు నిన్ను పిలుస్తది. నువ్వు పలుకుతవు. నాకు ఇనబడది. గా పని నీకు పెట్టను."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు.

నిజం చెబుతున్నాను, ఆ మాట న్యాయమని నాకు ఇవాళ్టికీ అనిపించడం లేదు. మట్టి చేసి వచ్చిన మనుషులు ఎవరి పనికి వాళ్ళు పోయారు. బడిలో ఆయన బల్ల దగ్గర ఇంకెవరో నిలబడి పాఠం చెబుతున్నారు. ఆ కథలు ఒక్కొక్కటే నా తలలోంచి జారిపోతున్నాయి. మిషన్ కథ ఒకటే మిగిలింది, అదీ ఎక్కువగా నా మాటల్లోనే.

దినాలు అయ్యాక ఖాలా నా చేతిలో క్యాసెట్ పెట్టింది. "మా టేపు డబ్బల నువ్వే మర్సిపోయినవ్ బిడ్డా. సారు ఉన్నడు ఇందుల" అంది. నా ముఖం చూడలేదు.

రోజూ స్కూలులో పాఠాలు చెప్పి రాగానే, చీర కూడా మార్చుకోకుండా ఆ క్యాసెట్ పెడతాను. ముందు నేను బతిమాలడం వినిపిస్తుంది. తర్వాత మంచం కిర్రుమంటుంది. ఆ తర్వాత సారు.

"బంద్ చెయ్యి బిడ్డా. ఇగ చాలు."

"అట్లనే సారూ" అంటాను. ఆపుతాను. టేపు వెనక్కి తిప్పుతాను.