బోను మెట్టు

అద్దాల లారీ నడిపే అతన్ని షెడ్డులో అందరూ నిదానం అని పిలిచేవారు. ఇన్నేళ్లలో అతని బండిలో ఒక్క అద్దం కూడా పగల్లేదు. తాగి లారీ నడుపుతూ దొరకడం మాత్రం ఇది రెండోసారి. రెండోసారని రుజువైతే జైలు తప్పదు, లైసెన్సూ పోతుంది. పాత కేసులో శిక్ష పడింది అదే పేరున్న వేరే మనిషికని వకీలు వాదించబోతున్నాడు. అప్పటి కాగితాల్లో ఫోటో లేదు.

"కోర్టు మొహమే ఎరగనట్టు ఉండు బావా," అన్నాడు కోర్టు వరండాలో బావమరిది.

"అక్కడ నిలబడితే నా పేరే మర్చిపోతాను, ఇంకేం గుర్తుంటుంది?"

"మర్చిపోవడం నీకు కొత్తా? ఇక ముట్టనని నా మీద వేసిన ఒట్టు మర్చిపోలేదూ," అంది భార్య.

ఆ రోజు మొదటి పిలుపు అతనిదే. బోనుకున్న రెండు మెట్లలో కింది దాని చెక్క చూడటానికి బాగానే ఉంటుంది, కాలు పెడితే ఒరుగుతుంది. కొత్తవాళ్లు తూలి కమ్మీ పట్టుకోవడం అక్కడ మామూలే. నిదానం దాన్ని దాటి పై మెట్టు మీద కాలు వేశాడు.

ప్రాసిక్యూటర్ తలెత్తాడు. "కింది మెట్టు ఎందుకు వదిలేశావు?"

"అది ఒరుగుతుందండీ."

"నీకెలా తెలుసు?"

వకీలు గబుక్కున లేచాడు. నిదానం వెనక బెంచీలో ఉన్న భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"పోయినసారి పడ్డానండీ," అన్నాడు.