బండి చప్పుడు

మొన్న వేసవిలో గుడివాడ నుంచి బందరు వెళ్తూ, పామర్రు దాటాక ఒక బస్టాపు దగ్గర టీకి ఆగాను. తిరిగి ఎక్కితే నాన్న వాడిన పాత కారు స్టార్టు కాలేదు. పొద్దున ఒక్క తిప్పుకే అందుకున్న ఇంజను, ఎండకి కాగాక ఎంత తిప్పినా ఊరికే మూలిగింది.

ఖాళీ చేపల గంపతో బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చింది.

“ఇంక తిప్పమాకండి బాబూ, బ్యాటరీ దిగిపోద్ది. వేడికి పెట్రోలు ఆవిరై గొట్టంలో అడ్డుపడింది. బానెట్ ఎత్తండి.”

తన సీసాలో నీళ్లతో తువ్వాలు తడిపి, పిండి, పెట్రోలు పంపు మీద కప్పింది. పావుగంట ఆగి తాళం తిప్పాను. ఇంజను దడదడా వణికి, ఆగిపోతుందేమో అనుకునేలోగా కుదురుకుంది.

“మీకెలా తెలుసండీ?”

“మా ఆయన ఇలాంటి బండే టాక్సీకి తోలేవోడు. ఆయన పోయాక అమ్మేశాం.”

బందరులో దింపుతానంటే గంప వెనక పెట్టి, నా పక్కన కూర్చుంది. మర్యాదకి పాటలు పెట్టాను.

“పాటలొద్దు బాబూ,” అంది నవ్వుతూ. “బండి చప్పుడు విననియ్యండి.”

పాటలు ఆపేసి, బందరు దాకా ఆ చప్పుడుతోనే నడిపాను. ఆ తర్వాత ఆ కారులో నేను పాటలు పెట్టలేదు.