మూడంతస్తుల మంచు పూసలు

"ఆకాశం మన మీద రాళ్లెందుకేస్తోంది టీచర్? మనమేం చేశాం?"

అడిగింది బుడంకాయ అని అందరూ పిలిచే బుల్లి పిల్ల, బల్ల కింద నుంచి. వసారా రేకుల మీద టపటపలు మొదలవగానే అక్కడ దూరింది. ఎంత బతిమాలినా బయటికి రాలేదు.

ఆ మంచుకొండల ఊరి బడిలో శిశు తరగతికి కొత్తగా వచ్చిన టీచరుకి అది పరీక్ష నెల; పనితీరు నచ్చితేనే ఉద్యోగం. హెడ్ మేడమ్ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడ దగ్గర ప్రతి ప్రశ్నకీ చక్కెర అద్దిన జవాబొకటి ఉంటుంది.

"మబ్బుతల్లి ముత్యాలు చల్లుతోందని చెప్పమ్మా. ఈ పిల్లలకి అంతకన్నా ఎందుకు?"

"ముత్యాలైతే నెత్తిన మొట్టికాయలెందుకు వేస్తున్నాయని అడుగుతుంది మేడమ్. ఉన్నదే చెప్తాను."

హెడ్ మేడమ్ కనుబొమలు లేచాయి. ఉద్యోగం వాటి మీదే వేలాడుతోందని టీచరుకి తెలుసు. అయినా వెనక్కి తగ్గలేదు.

బడి భవనానికి మూడంతస్తులు. పైన కిటికీ అద్దాలు పగిలిన సామాన్ల గది, పళ్లు టకటకలాడే చలి. మధ్యలో వంటగది, పొయ్యిల వేడి. కింద గాలి కోసే వసారా. టీచరుకి ఇంకేం కావాలి? బల్ల కింద ఉన్న బుడంకాయ తప్ప మిగతా పిల్లలందర్నీ పై గదికి తీసుకెళ్లింది.

"మీరంతా మబ్బులోంచి రాలే మంచు. చేతులు బార్లా చాపండి! వంటగది దగ్గర ఆగి, కరిగి, నీళ్లలా జారండి. వసారాలోకి రాగానే ముడుచుకుని గట్టిపడండి!"

పిల్లలు బిలబిలమంటూ దిగారు. వంటమనిషి గరిటె పట్టుకుని, "నా గుమ్మంలో ఈ కరగడాలేమిటే తల్లీ!" అని నెత్తి కొట్టుకుంది. వసారా నిండా పిల్ల ఉండలు.

బుడంకాయ ఎంతసేపని ఓర్చుకుంటుంది? బల్ల కింద నుంచి ఒక్క దూకు దూకి, మెట్లెక్కి పై గదికి వెళ్లింది. దిగేటప్పుడు మాత్రం వంటగది దగ్గర ఆగడం మరిచి, చాపిన చేతులతోనే వసారాలోకి వచ్చి పడింది.

"తొండి! నువ్వు కరగలేదు!" అని మిగతావాళ్లు గోల.

"వేడి దగ్గర ఆగలేదుగా! ఎలా కరుగుతాను?"

"అంతే!" అంది టీచర్. "దారిలో వెచ్చటి గాలి తగలకపోతే మెత్తటి మంచే పడుతుంది. తగిలితే కరిగి, కింద చలికి మళ్లీ గడ్డకట్టి పూసవుతుంది. రేకుల మీద చప్పుడు ఆ పూసలదే, వడగళ్లది కాదు."

బుడంకాయ వసారా అంచుకెళ్లి ఒక పూసని అరచేతిలో పట్టుకుంది. కాసేపు చూసింది.

"కరిగిపోయింది. రాయైతే కరగదుగా," అని తీర్పు చెప్పి, ఇంకో పూస కోసం చెయ్యి చాపింది.

హెడ్ మేడమ్ గొంతు సవరించుకుంది. "ముత్యాల సంగతి వదిలేద్దాంలేమ్మా. రేపు పెద్ద తరగతి వాళ్లని కూడా దింపు."

ఏడేళ్లయింది. చలికాలం రాగానే టీచర్ పిల్లల్ని అవే మెట్ల మీద కరిగిస్తోంది. ఆ పరీక్ష నెల జీతం మాత్రం బడివాళ్లు ఇంకా ఇవ్వలేదు.