అడవికి కట్టెల బండి

వీరరాఘవయ్య సర్దిన బండిలోంచి దారిలో ఏదీ జారిపడదని నందిగామలో పేరు. వేదాద్రి తిరునాళ్ళకు పోవాలన్నా, పెళ్ళివారిని తరలించాలన్నా ముందు ఆయనకే కబురొచ్చేది. ఆయనది సేద్యం. మెట్ట పొలంలో మిరపా జొన్నా పండించుకునేవాడు. బండి సర్దడం ఎవరూ నేర్పలేదు. బరువు ముందుకు పడితే ఎడ్ల మెడలు కమిలిపోతాయనీ, వెనక్కి పడితే కాడి లేచి వాటి గొంతు నొక్కుతుందనీ చూసి తెలుసుకున్నాడు. సర్దడం అయ్యాక బండి వెనక నిలబడి చేత్తో ఒక్కసారి ఊపి చూసేవాడు. చప్పుడు వస్తే మళ్ళీ మొదటినుంచి సర్దేవాడు. అంతే తప్ప ఆ పని గురించి ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

అటువంటి మనిషి తికమకపడ్డది 1958లో, మిరపకాయలు అమ్మేసి కాస్త తెరిపిన పడ్డ రోజుల్లో.

భార్య పుష్పవతి తమ్ముడు భవానీప్రసాద్ ఖమ్మంలో అడవి ఆఫీసులో గుమాస్తా. అక్కను చూడటానికి వచ్చి, భోజనాలయ్యాక అరుగుమీద కూర్చుని కబుర్లలో పడ్డాడు. తల్లాడ అవతల అడవిలో పెద్ద చెరువుందనీ, దాని ఒడ్డున తమ శాఖవాళ్ళ చెక్క ఇల్లు ఖాళీగా పడుందనీ చెప్పాడు.

"రెండు గదులు, ముందు వరండా. వరండాలో కూర్చుంటే ఎదురుగా నీళ్ళే. దొరగారితో నేను మాట్లాడతా. నాలుగు రోజులు ఉండి రండి బావా."

"వంటో?" అని అడిగింది గుమ్మంలో నిలబడ్డ పుష్పవతి.

"కావలివాడి పెళ్ళాం వండి పెడుతుందక్కా. నువ్వు చెయ్యి తడుపుకోవక్కర్లా."

పుష్పవతి కాపురానికి వచ్చి పదహారేళ్ళయింది. ఆ ఇంట్లో ఆమె పొయ్యి వెలిగించనిది పురుళ్ళకు పుట్టింటికి వెళ్ళినప్పుడే. "పొయ్యి కనబడని చోట నాలుగు రోజులు ఊరికే కూర్చోవాలనుందిరా," అంది తమ్ముడితో. మొగుడి వైపు చూడకుండానే అంది గానీ, అది తనకు చెప్పిన మాటేనని వీరరాఘవయ్యకు తెలుసు. ఇన్నేళ్ళలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

సరే, పోదాం అన్నాడు.

అన్నాక కష్టం మొదలైంది. దేవుడి దగ్గరకైతే ఏం కట్టుకుపోవాలో తెలుసు. పెళ్ళికైతే మనుషుల్ని బట్టి తెలుస్తుంది. దీనికి ఏం సర్దాలి?

"అక్కడికి పోయి ఏం చెయ్యాలి?" అని బావమరిదిని అడిగాడు.

"ఏం చెయ్యక్కర్లేదు బావా."

"పొద్దున లేచాక?"

"చెరువు చూడటమే."

"చూశాక?"

"మళ్ళీ చూడటమే!" భవానీప్రసాద్ నవ్వుకుంటూ బస్సెక్కాడు. వీరరాఘవయ్యకు మాత్రం నవ్వు రాలేదు. ఏమీ చెయ్యకుండా ఉండటానికి ఏ సామాను కావాలో ఎంత ఆలోచించినా తోచలేదు.

తల్లి రత్తమ్మకు అసలు ప్రయాణమే అంతుపట్టలేదు.

"అక్కడ ఏ దేవుడున్నాడురా రాఘవా?"

"దేవుడెవరూ లేరమ్మా."

"చుట్టాలున్నారా?"

"లేరు."

"పోనీ ఎవరన్నా పోయారా?"

"ఎవరూ పోలేదమ్మా. ఊరికే."

"ఊరికే అడవికి పోయేది కోతులురా. నలుగురూ అడిగితే ఏం చెబుతావు?"

చివరికి రత్తమ్మే దారి చూపింది. చెరువన్నాక గంగమ్మ ఉంటుంది, గట్టుమీద కొత్త కుండలో పొంగలి పెట్టుకుందాం, దాంతో ప్రయాణానికి ఒక అర్థం ఉంటుంది అంది. వీరరాఘవయ్యకు ప్రాణం లేచి వచ్చింది. పొంగలికి ఏం కావాలో అతనికి తెలుసు.

దేవతకు పొంగలి పెడుతూ అయినవాళ్ళకు చెప్పకపోతే జీవితాంతం మాట పడాలి. చందర్లపాడు వెళ్ళి బాబాయి బ్రహ్మయ్యకు చెప్పాడు. చెప్పడమంటే పిలవడమే కదా.

"ఎప్పుడు బయల్దేరాల్రా?" అన్నాడు బ్రహ్మయ్య. ఎందుకు, ఎక్కడికి అని కూడా అడగలేదు. "మీ పిన్నీ, కోడళ్ళూ వస్తారు. పిల్లల్ని వదిలిపెట్టలేం. రెండు బండ్లు మావే కట్టుకొస్తాంలే, నువ్వేం బెంగపెట్టుకోకు."

జగ్గయ్యపేటలో ఉన్న అక్కకు చెప్పక తప్పలేదు. అక్క తన ఆడపడుచుకు చెప్పక తప్పలేదు. జనం పెరిగేకొద్దీ వీరరాఘవయ్యకు తికమక తగ్గి హుషారొచ్చింది. ఇంతమందికి ఎంత బియ్యం, ఎంత చింతపండు అన్నది అతనికి నోటిలెక్క. ఈలోగా రత్తమ్మ ఇంకో మాట అంది.

"ఎవరు వండారో తెలియని కూడు నేను ముట్టను. ఆ కావలివాడి పెళ్ళాన్ని పొయ్యి దగ్గరకు రానీకు."

ఆ రోజుల్లో ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. వీరరాఘవయ్య జగ్గయ్యపేట వెళ్ళి గుండిగలు, గంగాళం, బూరెల మూకుడు అద్దెకు తెచ్చాడు. గట్టుమీద గాలికి మంట నిలవదని, ఇనప పొయ్యికి మూడు వైపులా రేకు బిగించాడు. మంచి పనితనం. దాన్ని చూడటానికి వీధిలోవాళ్ళు వచ్చిపోయారు.

బయల్దేరే ముందురోజు సాయంత్రం బండ్లు సర్దాడు. మొదటి దానిలో బియ్యం బస్తాలు, రెండో దానిలో గిన్నెలు. గిన్నెల మధ్య గడ్డి కుక్కి ఊపి చూస్తే కిక్కురుమనలేదు. మూడో బండినిండా తుమ్మకట్టెలు పేర్చి మోకుతో బిగిస్తున్నాడు. దారిన పోతున్న శాంతయ్య ఆగిపోయాడు. ఆయనది ఎడ్లకు నాడాలు కొట్టే పని.

"ఏం రాఘవయ్యా, అడవికి కట్టెలు మోస్తున్నావా? చెరువు కదా, నీళ్ళు కూడా ఓ పీపాడు పట్టుకుపో."

"అడవిలో దొరికేవి పచ్చికట్టెలు. పొగ. వండేవాళ్ళ కళ్ళు పోతాయి," అన్నాడు వీరరాఘవయ్య, ముడి మీదనుంచి చూపు తిప్పకుండా. అన్న మాటలో తప్పేం లేదు. ఎండిన తుమ్మ నిప్పు నిలుస్తుంది, పొగ రాదు.

శాంతయ్య నవ్వుకుంటూ పోయాడు. పుష్పవతి ఎప్పుడు వచ్చిందో, బండి పక్కన నిలబడి ఉంది. కట్టెల్ని, ఆ పక్క బండిలో గుండిగల్ని, రేకు బిగించిన పొయ్యిని వరసగా చూసింది.

"ఇవన్నీ ఎందుకండీ?"

"వంటకి."

"వండేదెవరు?"

వీరరాఘవయ్య చేతిలోంచి మోకు జారింది. పిన్నికి నడుం నొప్పి, కోడళ్ళకు చంటిపిల్లలు. పొంగలి ఇంటి కోడలే పెట్టాలని అమ్మ ముందే చెప్పింది. ఎటునుంచి చూసినా ఆ పొయ్యి ముందు కూర్చునే మనిషి ఒక్కతే.

"నేను రాను," అంది పుష్పవతి. గొంతు పెంచలేదు. "మీరంతా వెళ్ళిరండి."

"అదేంటే! నీకోసమే కదా ఇదంతా!"

"నాకోసమే అనుకున్నానండీ, ఈ కట్టెలు చూసేదాకా."

బండ్లు విప్పేద్దామంటే అప్పటికే చందర్లపాడు బండ్లు దారిలో ఉన్నాయి. అంతమందినీ రమ్మని పిలిచి వాకిట్లోంచి తిప్పి పంపడం ఆ వంశంలో ఎవరూ చెయ్యలేదు. చాలాసేపు ఎద్దు మెడ నిమురుతూ నిలబడ్డాడు.

"పోనీ పగ్గాలు బాబాయికి ఇచ్చేస్తా. నేనూ ఉండిపోతా నీతోపాటు," అన్నాడు.

పుష్పవతి నిట్టూర్చింది. "మీరుంటే పొయ్యి వెలిగించాలి కదండీ."

మర్నాడు బండ్లు కదిలాయి. కోడలికి నలతగా ఉందని రత్తమ్మకు చెప్పారు. పిల్లలిద్దరూ నాయనమ్మ ఒళ్ళో కూర్చున్నారు. పుష్పవతి వీధి తలుపు దగ్గర నిలబడి చివరి బండి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి పోయింది. మధిరలో మజిలీ చేసి, వైరా దాటి, అడవిలోకి వెళ్ళారు. చెరువు భవానీప్రసాద్ చెప్పినట్టే ఉంది. పొంగలి వీరరాఘవయ్య అక్క పెట్టింది. గుండిగలు దించడం, గంజి వార్చడం అతనే చేశాడు. అందరూ నిద్రపోయిన మధ్యాహ్నం వరండాలో కూర్చుని నీళ్ళు చూశాడు. కాసేపటికి చేతులకు ఏమీ తోచక లేచి, ఊడిపోతున్న కిటికీ రెక్క బిగించాడు. ఇందులో ఆమెకు ఏం కావాల్సివచ్చిందో అర్థం కాలేదు.

తిరిగి వచ్చేసరికి ఇల్లు చల్లగా ఉంది. పొయ్యి ఎర్రమట్టితో అలికి ముగ్గు పెట్టి ఉంది. ముగ్గు చెరగలేదు. పుష్పవతి మొహం తేటగా ఉంది, పెళ్ళి చూపులనాడు చూసినట్టు.

"ఏం తిన్నావు?"

"అటుకులూ పెరుగూ. అరటిపళ్ళు."

"ఏం చేశావు ఇన్నాళ్ళూ?"

"ఏం చెయ్యలేదండీ. పడుకున్నా. దొడ్లో కూర్చున్నా. మళ్ళీ పడుకున్నా."

వీరరాఘవయ్యకు తికమక ఇంకా పెరిగింది. ప్రయాణం చేసింది తానా, ఆమెనా? పనికి తగ్గ ఫలితం వచ్చింది, కానీ అది బండి పోయిన వైపు కాక బయల్దేరిన చోట వచ్చింది. దీన్ని ఎవరితో చెప్పినా నవ్వుతారు. ఎవరితోనూ చెప్పలేదు.

మరుసటి ఏడు మిరప కోతలు అవుతుండగానే గంగమ్మ పొంగలి మాట తనే ఎత్తాడు. అడవి పిచ్చి పట్టిందని ఊళ్ళో అనుకున్నారు. బ్రహ్మయ్య సరేనన్నాడు. పుష్పవతికి మళ్ళీ నలత చేసింది. అంతా సిద్ధమయ్యాక రత్తమ్మ అడ్డం తిరిగింది.

"మోకాళ్ళు పట్టేశాయిరా. ఆ కుదుపులకు నేను ఓర్చుకోలేను. కోడలి దగ్గర ఉంటాలే, మీరు పోయిరండి."

వీరరాఘవయ్య గూడుబండిని పశువులపాకలోకి లాగి పనిలో పడ్డాడు. నులకమంచం కాళ్ళు కోసేసి, పట్టెలకు మోకులు చుట్టి, గూడు వాసాలకు వేలాడదీశాడు. బండి ఎంత ఊగినా మంచం నిదానంగా మాత్రమే కదిలేలా, మోకుల పొడవు నాలుగైదుసార్లు మార్చి చూశాడు. పరుపు వేసి, తనే పడుకుని, చక్రం కింద రాయి పెట్టి పాలేరు చేత బండి తోయించుకున్నాడు. రత్తమ్మను ఎత్తుకొచ్చి కూర్చోబెడితే ఆవిడ మొహం వెలిగిపోయింది.

"జమీందారుల ఇంట్లో కూడా ఉండదురా ఇట్లాంటిది! చెరువుదాకా ఏం ఖర్మ, కాశీదాకా పోతా దీంట్లో."

పుష్పవతి వచ్చి మోకుల్ని ఒక్కొక్కదాన్నే పట్టుకుని లాగి చూసింది. తలవైపు ఉన్నదాని దగ్గర ఆగింది.

"ఇక్కడ ఇంకో ముడి వెయ్యండి," అంది నెమ్మదిగా. "దారిలో ఊడిపోతే అత్తయ్య వెనక్కి వచ్చేస్తారు."

వీరరాఘవయ్య ఇంకో ముడి వేశాడు.