అమ్మ చీరల అడుగున మూడు పనిముట్లు

అమ్మ పోయిన ఏడాదికి, ఆమె చీరలు పంచుకుందామని నేనూ వదినా పెట్టె తీశాం. అడుగున పాత మంగళగిరి చీర ముక్కలో చుట్టిన మూడు ఇనప పనిముట్లు కనిపించాయి. ఒకటి జానెడు పొడవు. మెడ వంగి, కొస వెడల్పుగా, పదునుగా ఉంది. రెండోది సన్నటి కడ్డీ, చివర చీలిక. మూడోది అరచేతిలో పట్టేంత కొక్కెం, దానికి రెండు పళ్ళు. మిషను మీద చేసినవి కావు. సమ్మెట దెబ్బల గుర్తులు వాటి మీద ఇంకా ఉన్నాయి.

"పాత ఇనుమే కదా, సామాన్లవాడికి వేసేద్దాం" అన్నాడు అన్నయ్య.

అమ్మ అరవై ఏళ్ళు గుంటూరులో కాపురం చేసింది. ఆమె చేతిలో అట్లకాడ, కత్తిపీట తప్ప వేరే ఇనుము మేమెప్పుడూ చూడలేదు. పుట్టిల్లు ఎక్కడని అడిగితే "కనిగిరి వైపులే" అని మాట మార్చేది. మమ్మల్ని ఎప్పుడూ అటు తీసుకెళ్ళలేదు. అన్నయ్యను వారం ఆగమని చెప్పి, ఆ మూడింటినీ సంచిలో వేసుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, ఉదయం ఆరుంబావుకు గుంటూరు బస్టాండులో బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం కాబట్టి కార్డు మరిచిపోకండి. కనిగిరికి నేరుగా వెళ్ళే బస్సు ఆ పూట దొరకలేదు. ఏడున్నరకు చిలకలూరిపేటలో దిగి, కారప్పొడి ఇడ్లీ తిని, అద్దంకి బస్సు పట్టుకున్నాను.

పక్క సీట్లో స్పిన్నింగు మిల్లులో రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న ఆమె కూర్చుంది. సంచి బరువు చూసి ఏమిటని అడిగితే తీసి చూపించాను. ఆమె కొక్కెం తిప్పి తిప్పి చూసి, "పత్తి బేళ్ళు బిగించేదేమో అక్కా" అంది. వెనక సీటు రైతు మెడ సాచి, "కాదులేమ్మా, పొగాకు ఆరబెట్టే బేరన్ సామానది. మా తాత దగ్గర ఇట్టాంటిది ఉండేది" అన్నాడు. "ఎందుకు వాడేవాడండీ?" అన్నాను. ఆయన నవ్వేశాడు. "ఏమో, నాకు గుర్తు లేదు."

రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. గాలి తిరిగినప్పుడల్లా బస్సంతా దగ్గులు. అద్దంకిలో మళ్ళీ మారాను. దర్శి దాటాక నల్లరేగడి పోయి ఎర్రనేల వచ్చింది. పొదిలి తరవాత చేలు పలచబడ్డాయి. పన్నెండున్నరకు కనిగిరి కొండ కనిపించింది. అమ్మ ఈ కొండను చూస్తూ పెరిగిందన్న మాట. ఒక్కసారి కూడా మాకు చెప్పలేదు.

బస్టాండులో టీ కొట్టతనికి పనిముట్లు చూపించి అడిగితే, కొండ వైపు వీధిలో బ్రహ్మయ్య గారి కొలిమి ఉందన్నాడు. ఎనభై దాటిన కమ్మరి ఆయన. కొలిమి చల్లారి ఎన్నాళ్ళో అయింది. ముందు గదిలో కొడుకు వెల్డింగు షాపు నడుపుతున్నాడు. పెద్దాయన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. మూట విప్పి ముందు పెట్టాను. ఆయన చేతులు వాటి మీదే ఆగిపోయాయి.

"ఇయ్యి నీకు యాడియమ్మా?"

"మా అమ్మ పెట్టెలో దొరికాయండి. ఎందుకు వాడతారో తెలియక వచ్చాను."

"ఎద్దులకు నాడాలు కొట్టే సామాను. ఇది గిట్ట చెక్కే ఉలి. గిట్ట సాపుగా ఉంటేనే నాడా కూర్చుంటది. బయటికొచ్చిన మేకు మొనను ఈ చీలికతో పట్టి విరుస్తారు. ఈ కొక్కెం గిట్ట సందులో ముల్లు, రాయి తీసేదానికి." ఉలి పిడి చివర మూడు చుక్కలు తడిమాడు. "ఇది మా నాయన గుర్తు. పిడి కురచగా ఉంది, చూశావా? ఆడపిల్ల చేతికని అట్టా కొట్టాం. సమ్మెట నేనే వేశా." తలెత్తి నన్ను చూశాడు. "నువ్వు ఆదిలక్ష్మి కూతురివా?"

తలూపాను. ఆదిలక్ష్మి అమ్మ పేరు.

ఆయన చెప్పింది ఇదీ. మా తాత మాలకొండయ్య సంతలో నాడాలు కొట్టేవాడు. ఒక ఏడు ఎద్దు తన్ని ఆయన మణికట్టు విరిగింది. దుక్కులు మొదలయ్యే రోజులు, సంతలో ఎడ్లు బారులు తీరి ఉన్నాయి. పదిహేనేళ్ళ అమ్మ వచ్చి సుత్తి అందుకుంది. మగవాళ్ళు తాడేసి ఎద్దును పడవేస్తే, కాళ్ళ దగ్గర కూర్చుని ఆమె పని చేసేది. అలా నాలుగేళ్ళు.

"సంబంధం కుదిరినప్పుడు మాలకొండయ్య అందరికీ చెప్పాడు, గుంటూరోళ్ళ దగ్గర ఈ మాట ఎత్తొద్దని. ఎద్దుల కాళ్ళు పట్టే పిల్లంటే ఎవరు చేసుకుంటారు? సామాను నాకిచ్చెయ్యమన్నాడు. మీ అమ్మ ఇయ్యలా. ఆ ఆఖరి సంతనాడు ఏడ్చింది చూడు... ఎద్దు తంతే కూడా ఏడవని పిల్ల."

కోడలు గోంగూర పచ్చడితో అన్నం పెట్టింది. చేయి కడుక్కుని వచ్చేసరికి పెద్దాయన ఉలిని ఇంకా ఒళ్ళోనే పెట్టుకుని ఉన్నాడు.

"అమ్మాయ్, అడగకూడదేమో. మా నాయన చేసిన వస్తువు నా దగ్గర ఒక్కటీ లేదు. అరిగిందల్లా కరిగించి కొత్తది కొట్టుకున్నాం. ఇది నాకిస్తావా?"

వెంటనే ఇస్తానని అనలేకపోయాను. అమ్మ అందరి కళ్ళూ కప్పి అరవై ఏళ్ళు దాచుకున్నది. ఉలి తీసుకుని గుప్పిట పట్టాను. పిడి నా చేతికి సరిపోయింది. కాసేపు అలాగే పట్టుకుని, ఆయన చేతిలో పెట్టేశాను. ఆయన కళ్ళకద్దుకున్నాడు.

మూడింటికి తిరుగు బస్సు. పొదిలిలో అన్నయ్యకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "మిగతా రెండూ జాగ్రత్తగా తే" అన్నాడు.

అద్దంకి దాటాక మిర్చి బస్తాల లారీలు బస్సు పక్కగా గుంటూరుకు పోతున్నాయి. నా చిన్నప్పుడు ఆ బస్తాలు ఎడ్లబళ్ళ మీద వచ్చేవి. బళ్ళు వెళుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక పక్కగా ఆగి, తల దించుకుని నిలబడేది. ఆమెకు ఎడ్లంటే భయమనుకునేవాళ్ళం. ఒకసారి మాత్రం ఒక బండిని ఆపి, "ఎడమ పక్క దాపటెద్దుకు వెనక నాడా వదులైంది నాయనా, చూసుకో" అంది. అతను దిగి గిట్ట ఎత్తి చూసి, "నీకెట్టా తెలిసిందమ్మా?" అన్నాడు ఆశ్చర్యంగా. అమ్మ జవాబు చెప్పకుండా నన్ను లాక్కుని గబగబా నడిచింది. తలెత్తి చూశాను. నవ్వుకుంటోంది.