వడియాల్లాంటి చిచ్చుబుడ్లు

ఇవాళ అశోక్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ డాబా మీద ఎవరో పాత చాప పరిచి చిచ్చుబుడ్లు ఎండబెట్టారు. ఆ మందు వాసనకి నారాయణగూడ బడిలో నా ఏడో తరగతి గుర్తొచ్చింది.

మా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పండగ సెలవులిచ్చినా హోంవర్కు తప్పేది కాదు. అరవై ఎనిమిది దీపావళికి తెలుగు టీచర్ పండగ మీద ఒక ఉపమాలంకారం రాసుకురమ్మన్నారు. అందరూ గైడు చూసి దీపాలని నక్షత్రాలతో పోల్చారు. నాకు గైడు లేదు. చిక్కడపల్లిలో మా మేడ మీద చూసింది చూసినట్టు, ‘ఎండలో పెట్టిన చిచ్చుబుడ్లు మా అమ్మ వడియాల్లా ఉన్నాయి’ అని రాశాను.

చదవగానే క్లాసంతా గొల్లుమంది. బెత్తం దెబ్బ ఖాయమనుకుని అరచెయ్యి చాపి నిలబడ్డాను.

“నవ్వుడెందుకు? మీరంత గైడు చూసిన్రు. ఈ పిల్ల మేడ మీదికి పోయి చూసింది,” అన్నారు టీచర్.

గుండె కుదుటపడింది గానీ, చాపిన చెయ్యి దించడం మరిచిపోయాను. ఆవిడ అందులో సుద్దముక్క పెట్టి, “పో, బోర్డు మీద రాయి. అందరు నోటుబుక్కుల ఎక్కించుకుంటరు,” అన్నారు.