వంగకూడని నలభై రోజులు

మా నానమ్మ కంట్లో మోతిబిందు పొర తీసే ఆపరేషన్ చేసిన డాక్టర్ చివర్లో జాగ్రత్తలు చెప్పాడు. నలభై రోజులు వంగొద్దు, బరువెత్తొద్దు, దుమ్ములోకి పోవద్దు, తలస్నానం వద్దు. నానమ్మ అన్నీ శ్రద్ధగా విని ఒకే ప్రశ్న అడిగింది.

"మరి ఇల్లెవలు ఊడుస్తరు సారూ?"

డాక్టర్ నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మా, బాపూ ఇద్దరూ నా వైపు చూశారు. నేను నవ్వడం ఆపేశాను.

వాళ్లు చూడడంలో తప్పులేదు. బాపుకు ధాన్యం మార్కెట్ దగ్గర గోనె సంచుల దుకాణం ఉంది. అమ్మ ఒక ప్రైవేటు బడిలో టీచరు, ఎనిమిదింటికల్లా బస్సెక్కుతుంది. నేను డిగ్రీ పూర్తిచేసి గ్రూప్స్‌కు చదువుతున్నాను. అంటే మా గల్లీ లెక్కలో ఖాళీగా ఉన్నాను.

నానమ్మకు ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. నరం ఎండిపోయింది, ఇక రాదన్నారు. మిగిలింది కుడి కన్ను. దాని మీదే ఇప్పుడు కత్తి పెట్టారు. కాబట్టి ఈ నలభై రోజులూ సరిగ్గా గడిస్తే ఆమెకు ఒక కన్ను ఉంటుంది, గడవకపోతే ఒక్కటీ ఉండదు. డాక్టర్ ఈ మాట వరండాలోకి పిలిచి మాతో మెల్లగా చెప్పాడు. లోపలి నుంచి నానమ్మ, "నాకు చెవులు మంచిగనే ఉన్నయ్," అంది.

మరుసటి రోజు నుంచి నేను ఊడ్చాను. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేయాలి. తర్వాత వెనక గది నుంచి మొదలుపెట్టి ముందు గది దాకా ఊడ్చుకు రావాలి. సాయంత్రం దీపం పెట్టకముందే ఇంకోసారి ఊడవాలి, పెట్టాక చీపురు ముట్టుకోకూడదు. ఈ క్రమం ఇరవై మూడేళ్లుగా నా కళ్ల ముందే జరుగుతోందట. నేను నిద్రపోతున్నాను కాబట్టి నాకు తెలియదు.

నా మొదటి ముగ్గు చూసి పక్కింటి అత్త గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఏందిరా ఇది? కాజీపేట పట్టాలా?"

"చుక్కలు పెట్టిన అత్తా. కలుపుడు రాలే, గీతలు కొట్టిన."

"మంచిగనే ఉన్నది, రైలొస్తే చెప్పు," అని వెళ్లిపోయింది.

నానమ్మ నల్లద్దాలు పెట్టుకుని ముందు గదిలో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆమెకు ఏమీ సరిగ్గా కనిపించదని నేను ధైర్యంగా ఊడ్చేవాణ్ని. కానీ ఆమె చెవులతో చూసేది. చీపురు మూలకు తగిలితే ఒక చప్పుడు, తగిలినట్టు నటిస్తే ఇంకో చప్పుడు వస్తుందట.

"మూలకు పోలేదురా చీపిరి."

"పోయింది నానమ్మా."

"దగ్గరికి పోయి మర్లొచ్చింది. మల్ల తోలు."

నిజానికి ఊడ్చడం పెద్ద పని కాదు, ఊడ్చాక ఆమెను కాపలా కాయడమే పని. రెండో రోజు ఆమె పాదానికి బియ్యపు గింజ తగిలితే కాలివేళ్లతో పట్టి ఎత్తి చేతికి అందించుకుంది. డాక్టర్ వద్దన్న వాటిలో కాలివేళ్లు లేవు కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు. నాలుగో రోజు వంటింట్లోకి వెళ్లేసరికి ఒక చేత్తో గట్టు పట్టుకుని సగం వంగి ఉంది.

"వంగకూ!" అని అరిచాను.

పక్కింటి అత్త చేతిలో కర్రతో పరిగెత్తుకొచ్చింది. "పామా?"

"మిరపకాయ తొడిమె," అన్నాను.

ఆమె కొంచెం నిరాశగా తిరిగి వెళ్లింది. నానమ్మ మాత్రం నిటారుగా నిలబడి, "నేను వంగలే, చూసిన," అంది.

అప్పుడు నాకు విషయం అర్థమైంది. వంగొద్దని ఆమెకు చెప్పి లాభం లేదు. కింద ఏమైనా పడి ఉంటే ఆ చేయి దానంతట అదే కిందికి పోతుంది. కాబట్టి కన్ను దక్కాలంటే నేల మీద ఎత్తడానికి ఏమీ ఉండకూడదు. చుక్కల మందు కన్నా చెత్తలేని నేలే ముఖ్యమని సాయంత్రం ఇంట్లో ప్రకటించాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మొదటి సమస్య బాపు. ఆయన దుకాణం నుంచి సగం మనిషిగా, సగం గోనె సంచిగా ఇంటికొస్తాడు. ఎక్కడ కూర్చుంటే అక్కడ పీచు రాలుతుంది. మిర్చి సీజన్‌లో అయితే ఆయన వెనకే తుమ్ములు కూడా వస్తాయి. అందుకని నల్లా దగ్గరే చొక్కా విప్పి, దులిపి, కాళ్లు కడుక్కుని లోపలికి రావాలన్నాను.

"నా ఇంట్లకు నేను బనీను మీద రావాల్నా?" అన్నాడు బాపు.

"బనీను గూడ దులుపు," అంది నానమ్మ కుర్చీలోంచి.

అమ్మ కూరగాయలు కోసేటప్పుడు కింద పేపర్ పరిచి, తొక్కలు నేరుగా బకెట్లో వేయడం మొదలుపెట్టింది. తిన్న పళ్లెం తిన్నవాళ్లే లేవగానే కడగాలని నిర్ణయం జరిగింది. దీన్ని ప్రతిపాదించింది నేనే, దీనివల్ల ఎక్కువ నష్టపోయింది కూడా నేనే. గడప దగ్గర తడి గోనె పట్టా ఒకటి పరిచాం. దానికి మాత్రం బాపు సంతోషంగా ఒప్పుకున్నాడు, సరుకు ఆయనదే కాబట్టి.

నానమ్మకు పాత నియమం ఒకటి ఉంది. ఒక గదిలోంచి ఇంకో గదికి వట్టి చేతులతో పోకూడదు. అటు వైపు చేరాల్సిన వస్తువు ఏదో ఒకటి చేతిలో ఉండాలి. చిన్నప్పటి నుంచీ ఈ మాట విని పెద్దవాళ్లు ఊరికే అనే మాటల్లో ఇదొకటి అనుకున్నాను. చేసి చూస్తే విచిత్రంగా పనిచేసింది. నీళ్లు తాగడానికి లేస్తే చాయ్ గ్లాసు నాతో వచ్చేది, బట్టలు ఆరేయడానికి పోతే దువ్వెన దాని చోటికి చేరేది. మా మధ్య గదిలో ఒక బట్టల గుట్ట ఉండేది. వారం తిరిగేసరికి దాని కింద కుర్చీ బయటపడింది. అందరం వచ్చి చూశాం.

అలా పది పన్నెండు రోజులు గడిచాయి. నానమ్మ చూపు మెల్లగా తేటపడసాగింది. మేం సంతోషించాల్సిన సమయం అదే. సంతోషించాం కూడా, మధ్యాహ్నం దాకా.

మధ్యాహ్నం ఆమె స్విచ్ బోర్డు ముందు నిలబడింది.

"ఇది నల్లదా, తెల్లదా?"

"తెల్లదే నానమ్మా."

"ఎప్పటి సంది గిట్లున్నది?"

నేను జవాబు చెప్పేలోపే ముందుకు నడిచింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తనిఖీకొచ్చిన తహసీల్దారులా ఇల్లంతా తిరిగింది. ఫ్యాను రెక్కలు చూసింది. పప్పు డబ్బాల మీద జిడ్డు వేలితో గీసి చూసింది. తలుపు వెనక బూజు చూసింది. మూడు నాలుగేళ్లుగా తను రోజూ తుడిచిన ఇల్లు అది. పొర అడ్డంపడి చూడలేదంతే.

"ఇన్నేండ్లు గీ ఇల్లు ఊడ్సిందెవలు?" అంది.

"నువ్వే," అన్నాను నవ్వుతూ.

ఆ జోకు పేలలేదు. ఆమె వెళ్లి కుర్చీలో కూర్చుంది.

ఆ సాయంత్రం పక్కింటి అత్త పలకరించడానికి వచ్చింది. చూపు వచ్చిందని తెలిసి నిజంగానే సంబరపడింది. ఆ సంబరంలోనే అనేసింది.

"ఇగ మా వదినెకు గూడ డబల్ పని తప్పింది పెద్దమ్మా! మీరు తోమిన బోళ్లన్నీ మల్ల తోమేది పాపం, మీరు సీరియల్ ముంగట కూసున్నప్పుడు..."

అమ్మ అప్పుడే చాయ్ పట్టుకుని వచ్చింది. సరిగ్గా గుమ్మంలోనే ఆగింది. టీవీలో అయితే ఇక్కడ మూడుసార్లు ఉరుము ఉరుముతుంది. మా ఇంట్లో ఫ్రిజ్ చప్పుడొక్కటే వినిపించింది.

"చాయ్ సల్లారుతాంది, తాగు," అంది నానమ్మ అత్తతో.

తర్వాత రెండు రోజులు ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. అమ్మ మాట్లాడించబోతే "ఆఁ" అనేది. నేను ఊడ్చేదానికి వంకలు పెట్టడం కూడా మానేసింది. పరీక్షిద్దామని ఒక మూలను కావాలనే వదిలేసి, తగిలినట్టు నటించే చప్పుడు గట్టిగా చేశాను. కుర్చీలోంచి మాట రాలేదు. నాకు భయమేసింది అప్పుడే.

మూడో రోజు తెల్లవారుతుండగా చీపురు చప్పుడుకు మెలకువొచ్చింది. ఇంట్లో ఊడ్చేవాణ్ని నేను. నేను మంచంలో ఉన్నాను. ఈ రెండు విషయాలూ కలిపి చూసి బయటికి పరిగెత్తాను.

నానమ్మ గేటు దగ్గర నడుము దాకా వంగి ఊడుస్తోంది. నల్లద్దాలు తీసి కొంగుకు ముడేసుకుంది. చుట్టూ దుమ్ము లేచి ఉంది.

"నానమ్మా," అన్నాను.

"ఎంత మన్నున్నదో సూడు బిడ్డా గీ గేటు కింద," అంది తలెత్తకుండా. "ఇదంత నేను ఇడిసిపెట్టిందే."

ఏడయ్యేసరికి కన్ను పండు మిరపకాయలా ఎర్రబడింది. నీళ్లు కారడం ఆగలేదు. అమ్మ బడికి సెలవని చెప్పింది, బాపును దుకాణం తెరవమని పంపి మేం ముగ్గురం ఆటో ఎక్కాం. నానమ్మ కొంగు కంటి కింద అద్దుకుంటూ మధ్యలో కూర్చుంది.

కొంత దూరం పోయాక అమ్మే మొదలుపెట్టింది. "తప్పు నాదే అత్తమ్మా. మీకు చెప్పాల్సి ఉండె."

"ఎన్నేండ్ల సంది తోముతాన్నవ్?"

"మూడేండ్లు."

"దినాం?"

"ఆదివారం కొన్ని ఇడిసిపెడ్తుంటి."

నాకు నవ్వొచ్చింది కానీ కిటికీ లేని ఆటోలో ముఖం తిప్పుకోవడానికి రోడ్డు తప్ప ఏమీ లేదు. రోడ్డు వైపు చూశాను.

"ఎందుకు చెప్పలే?" అంది నానమ్మ.

అమ్మ పర్సు ఒళ్లోకి లాక్కుంది. "చెప్తే మీరు పని ఇడుస్తరు. మా అమ్మ గట్లనే ఒక్కొక్క పని ఇడిసి ఇడిసి మంచం పట్టింది. మిమ్మల్ని గట్ల చూడబుద్ధి గాలే."

"దవాఖాన ముంగటి గేటు కాడ దించాల్నా, ఎనుక గేటు కాడనా?" అన్నాడు ఆటో అతను.

"ముంగట," అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

డాక్టర్ చాలాసేపు చూశాడు. లైటు వేసి, ఆర్పి, మళ్లీ వేసి చూశాడు. అమ్మ బెంచీ మీద కూర్చుని తన పర్సు జిప్పు తీస్తూ వేస్తూ ఉంది. నాకు చెప్పడానికి ఒక్క జోకు కూడా దొరకలేదు. అలాంటి పావుగంట నా జీవితంలో తక్కువ.

చివరికి డాక్టర్ కుర్చీ వెనక్కి జరిపాడు. "లోపల ఏం కాలేదు. దుమ్ము పడ్డది, పైపైన ఎర్రబడ్డది. అదృష్టం. చుక్కలు మారుస్తా. కానీ నలభై రోజుల లెక్క మళ్లీ ఇవాళ్టి నుంచే."

"కనవడనప్పుడు ఎవ్వలు వద్దనలే," అంది నానమ్మ. "కనవడ్డంక ఊడ్వొద్దంటరు. గిదేం లెక్క సారూ?"

"ఊడిస్తే మళ్లీ కనబడదు, అదీ లెక్క," అన్నాడు డాక్టర్.

ఆమె ఒప్పుకున్నట్టు తలూపింది. తర్వాత బేరం మొదలుపెట్టింది.

"నిలవడి బోళ్లు తోముకోవచ్చా? మా సింకు నడుమెత్తున ఉన్నది. వంగేది ఏం లేదు."

డాక్టర్ మా వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది. "సింకు ఎత్తులనే ఉంటది సార్," అని సాక్ష్యం చెప్పాను. వారం ఆగి తోముకోమన్నాడు. అద్దాలు తీయకూడదు, నీళ్లు చిందకూడదు, బరువు గిన్నెలు ముట్టకూడదు.

ఆ వారమంతా ఆమె కుర్చీలోంచి లేవలేదు. కింద వెల్లుల్లి పొట్టు కనిపించినా వంగలేదు, నన్ను పిలిచింది. రోజుకు ముప్పైసార్లు పిలిచింది. అయినా మంచిదే. మూలల గురించి మళ్లీ అనడం కూడా మొదలుపెట్టింది, ఇప్పుడు కన్నుతో.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం సింకు ముందు నిలబడింది. నల్లద్దాలతో వెల్డింగ్ పనివాడిలా ఉందన్నాను. "ఉంటె ఉన్న గని పక్కకు జరుగు, వెలుతురు ఆగుతాంది," అంది. ఒక్కో గ్లాసు తోమి, కడిగి, కిటికీ వైపు ఎత్తి పట్టి, తిప్పి చూసి, మళ్లీ తోమేది. పదకొండు సామాన్లకు గంటకు పైనే పట్టింది. నేను ఆ గంటలో ఒక పేజీ చదివాను, కాబట్టి ఆమెను అనే హక్కు నాకు లేదు.

అమ్మ బడి నుంచి వచ్చేసరికి ఇంకా రెండు గిన్నెలు మిగిలే ఉన్నాయి. ఎండలో నడిచి వచ్చింది. భుజాన బ్యాగు అలాగే ఉంది, నేరుగా వంటింట్లోకి పోయి స్టాండు మీది గ్లాసు అందుకుంది. మళ్లీ కడగడానికి చేయి అలవాటుగా నల్లా వైపు పోయింది.

సగం దారిలో ఆగింది.

నానమ్మ చేతులు గిన్నె మీదే ఉన్నాయి, కానీ పీచు చప్పుడు ఆగిపోయింది. అమ్మ ఆ గ్లాసుతోనే బిందెలో నీళ్లు ముంచుకుని, నిలబడి మొత్తం తాగింది.

"ఎట్లున్నయ్?" అంది నానమ్మ, గిన్నె వైపే చూస్తూ.

"నీళ్లు నీళ్ల లెక్కనే ఉన్నయ్ అత్తమ్మా."

"ఆఁ," అంది నానమ్మ. పీచు మళ్లీ కదిలింది.

ఇంకా ఏమైనా మాట్లాడుకుంటారేమోనని గడప దగ్గర చీపురు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఏమీ లేదు. అమ్మ ఖాళీ గ్లాసును సింకులో నానమ్మ చేతి దగ్గర పెట్టి బ్యాగు తీయడానికి లోపలికి పోయింది. నేను చెత్త చేటలోకి ఎత్తి బయట పారబోసి వచ్చాను.